గద్దె ఒకటి, పేర్లు రెండు

రాజరికమంటే ఒక్కరి చేతిలో ఉండే అధికారమని సాధారణంగా అనుకుంటారు గానీ, రాజ్యాల చరిత్రను కాస్త దగ్గరగా పరిశీలిస్తే గద్దె మీద ఒక్కరే కనిపించినా ఆ గద్దెను నిలబెట్టే బరువును తండ్రీ కూతురూ, అన్నా చెల్లెలూ, తల్లీ కొడుకూ, భార్యా భర్తా కలిసి మోసిన సందర్భాలు ఎన్నో కనిపిస్తాయి. అలాంటి పంపకం నిజంగా జరిగిందా, పేరుకే జరిగిందా అన్నది తేల్చుకోవడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి: శాసనం ఎవరి పేరుతో వెలువడింది, నాణెం మీద ఎవరి ముద్ర పడింది, పన్నుల సొమ్ము ఎవరి ఖజానాకు చేరింది, సైన్యం ఎవరి మాట విన్నది. ఇంగ్లండు రాజులు, రాణులు అధికారాన్ని ఎలా పంచుకున్నారన్న విషయం మీద ప్రపంచమంతటా పుస్తకాలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. అంతకంటే తక్కువేమీ కాని చరిత్ర సంగారెడ్డి, పటాన్‌చెరు పరిసరాల్లోనూ, వాటికి అటూ ఇటూ ఉన్న ఓరుగల్లు, గోల్కొండ, బీదరు కోటల్లోనూ ఉన్నా, దాన్ని ఆ దృష్టితో చదివినవారు తక్కువ. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక విషయం బలంగా బయటపడుతుంది. పాలకుడు తాను బతికుండగానే పంచి ఇచ్చిన అధికారం నిలిచింది. తన తర్వాత ఫలానావారికి చెందాలని ప్రమాణాలు చేయించి కన్నుమూసిన చోట అది నిలవలేదు.

పటాన్‌చెరు పేరు వినగానే నేటి పాఠకులకు ముంబయి రహదారి, మందుల కంపెనీలు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రాలు గుర్తుకు వస్తాయి. వెయ్యేళ్ల కిందట ఇదే ఊరు పొట్టలకెరె అన్న పేరుతో కల్యాణి చాళుక్యుల ముఖ్య నగరాల్లో ఒకటిగా వెలిగిందని చరిత్రకారులలో ఎక్కువమంది అంగీకరించారు. కల్యాణి చాళుక్యులంటే పదో శతాబ్దం చివరి నుంచి పన్నెండో శతాబ్దం చివరి దాకా నేటి ఉత్తర కర్ణాటకను, తెలంగాణలో చాలా భాగాన్ని ఏలిన వంశం. వారిలో రెండో జయసింహుడు (1015–1042) పొట్టలకెరెను నెలెవీడుగా, అంటే చక్రవర్తి కొలువుదీరి ఉండే స్థిర నివాసంగా చేసుకున్నట్టు కన్నడ శాసనాలు చెబుతున్నాయి. రాజధానిని కల్యాణికి, అంటే నేటి బసవకల్యాణానికి మార్చినవాడు ఆయన కొడుకు మొదటి సోమేశ్వరుడు. పటాన్‌చెరులో బయటపడిన జైన తీర్థంకరుల విగ్రహాలు కొన్ని నేడు హైదరాబాద్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఉన్నాయి. వాటి ముందు నిలబడినప్పుడు ఆ ఊరి పాత వైభవాన్ని వేరేగా ఎవరూ వివరించనక్కరలేదు.

జయసింహుడి రాణి సుగ్గలదేవి కథ వీరశైవ సాహిత్యంలో ప్రసిద్ధం. రాజు జైనాన్ని ఆదరించేవాడనీ, శివభక్తురాలైన రాణి తన గురువు దేవర దాసిమయ్యను రప్పించి పొట్టలకెరెలో జైనులతో వాదం జరిపించిందనీ, వాదంలో దాసిమయ్య గెలవడంతో రాజు శైవాన్ని స్వీకరించాడనీ ఆ కథ చెబుతుంది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఈ కథకు చోటిచ్చాడు. ఇది మత సంప్రదాయం చెప్పుకున్న కథే గానీ శాసనం చెప్పిన చరిత్ర కాదు. అయినా రాజాదరణ ఏ మతం వైపు మొగ్గాలన్న నిర్ణయంలో రాణికి పాలు ఉంటుందని ఆనాటి సమాజం నమ్మిందనడానికి ఇది సాక్ష్యం. ఈ రకం అధికారానికి ముద్ర ఉండదు, పన్ను ఉండదు, అందుకే దాన్ని కొలవడం కష్టం.

కొలవగలిగే అధికారం జయసింహుడి సోదరి అక్కాదేవిది. చాళుక్య సామ్రాజ్యంలో ఒక్కో రాష్ట్రాన్ని దాని పేరు పక్కన ఒక సంఖ్య చేర్చి పిలిచేవారు. వనవాసి పన్నెండువేలు, కిసుకాడు డెబ్బై అన్నవి అలాంటివే. ఆ సంఖ్య గ్రామాల లెక్కో, ఆదాయపు లెక్కో అన్న చర్చ పండితులలో నేటికీ సాగుతున్నది. ఇలాంటి రాష్ట్రాలను చక్రవర్తి తన కొడుకులకు, సామంతులకు అప్పగించినట్టే సోదరికీ, రాణులకూ అప్పగించేవాడు. అక్కాదేవి కిసుకాడు మొదలైన ప్రాంతాలను నలభై ఏళ్లకు పైగా పాలించింది. 1047 ప్రాంతంలో తిరగబడినవారి మీదికి సైన్యంతో వెళ్లి గోకాక్ కోటను ముట్టడించింది. యుద్ధంలో భైరవి వంటిదని శాసనాలు ఆమెను కీర్తించాయి. నేటి గదగ్ జిల్లాలోని సూడి ఊరి శాసనం మరో ముఖం చూపుతుంది. అక్కడ ఆమె తన ఏడుగురు మంత్రులతో కలిసి ఆ పట్టణపు ఎనిమిది మంది సెట్లకు, ఎనభై ఇళ్లవారికి పాత కట్టుబాట్లను, హక్కులను తిరిగి స్థిరపరిచింది. వర్తకుల సంఘంతో కూర్చుని పట్టణపు హక్కులను రాతి మీదికి ఎక్కించిన ఈ పాలకురాలిని అలంకారప్రాయమైన రాజకుమారిగా చూడటం సాధ్యం కాదు.

తరువాతి తరాలలోనూ ఈ పద్ధతి సాగింది. మొదటి సోమేశ్వరుడి రాణి మైలలదేవి వనవాసి పన్నెండువేల రాష్ట్రాన్ని, ఆరో విక్రమాదిత్యుడి రాణి లక్ష్మాదేవి పద్దెనిమిది అగ్రహారాలను, అంటే విద్వాంసులకు పన్నులు మినహాయించి ఇచ్చిన గ్రామాలను, పాలించినట్టు శాసనాలు ఉన్నాయి. అయితే వీటన్నిటిలోనూ వరస ఒకటే: ముందు చక్రవర్తి పేరు, ఆయన రాజ్యం వర్ధిల్లుతున్నదన్న మాట, ఆ తర్వాతే రాష్ట్రాన్ని ఏలుతున్న రాణి పేరు. పన్ను ఆమెది, సైన్యం ఆమెది, న్యాయం ఆమెది. శాసనంలో మొదటి చోటు మాత్రం ఆమెది కాదు. చాళుక్యులు ఆడవారికి ఇచ్చినది రాజ్యంలో భాగమే గానీ కిరీటంలో భాగం కాదు.

కిరీటంలోనే భాగం ఇచ్చిన సాహసం తెలుగు నేలలో కాకతి గణపతిదేవుడిది. 1199లో గద్దెనెక్కి అరవై ఏళ్లకు పైగా పాలించి, తెలుగు ప్రాంతాలలో అధిక భాగాన్ని ఒక్క గొడుగు కిందికి తెచ్చిన ఈ రాజుకు కొడుకులు లేరు. కూతుళ్లలో గణపాంబను ధరణికోట ఏలే కోట వంశపు బేతరాజుకు ఇచ్చాడు. భర్త మరణించాక ఆమె అక్కడ స్వయంగా పాలన చేసింది. రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడికిచ్చి పెళ్లి చేసినా, ఓరుగల్లు గద్దెకు వారసురాలిగా నిలబెట్టాడు. సుమారు 1260 నుంచి తండ్రీ కూతుళ్లు కలిసి పాలించారు. శాసనాలలో ఆమె పేరు చాలాచోట్ల రుద్రదేవ మహారాజు అని మగవారి బిరుదుతోనే కనిపిస్తుంది. ఆమెను మగపిల్లవాడిగా పెంచి లోకాన్ని నమ్మించారన్నది సినిమాలకు పనికివచ్చిన కథ. అసలు సంగతి అంతకంటే ఆసక్తికరమైనది. ఆమె స్త్రీ అని తెలియనివారు లేరు, అయినా మహారాజు అన్న పదవిని పదవిగానే ఆమెకు కట్టబెట్టారు.

ఆ సహపాలన ఎలా నడిచిందో తెలుసుకోవడానికి గుంటూరు ప్రాంతపు మల్కాపురం శాసనం కంటే మంచి ఆధారం లేదు. శక సంవత్సరం 1183, అంటే క్రీస్తు శకం 1261లో వేసిన ఈ శాసనం కాకతీయుల రాజగురువు, గోళకీ మఠాధిపతి అయిన విశ్వేశ్వర శంభువుకు చేసిన దానాన్ని నమోదు చేసింది. గోళకీ మఠం అంటే మధ్య భారతం నుంచి దక్షిణానికి విస్తరించిన శైవ గురుపరంపర. కృష్ణ ఒడ్డున ఉన్న మందర గ్రామాన్ని ఇస్తానని గణపతిదేవుడు గురువుకు మాట ఇచ్చాడు. ఆ మాటను శాసనంగా మార్చి, దానికి వెలగపూడిని కూడా చేర్చి దానం చేసినది రుద్రమదేవి. ఆ గ్రామాల ఆదాయంతో గుడి, మఠం, పాఠశాల, అన్నసత్రం, ఆరోగ్యశాల, వాటితోపాటు ప్రసూతిశాల నడిచే ఏర్పాటు జరిగింది. తండ్రి నోటిమాటకూ కూతురి శాసనానికీ మధ్య ఉన్న ఈ దూరంలోనే అధికార మార్పిడి అంతా ఉంది. రాజు ఇంకా బతికే ఉన్నాడు, ఆయన మాటకు విలువా ఉంది, కానీ అది ఆజ్ఞగా మారడానికి కూతురి ముద్ర పడాలి. పైగా తండ్రి చెప్పినదానికి మరో గ్రామం కలిపి ఇచ్చే స్వేచ్ఛ ఆమెకు ఉన్నది. మందర, వెలగపూడి అన్నవి నేటి అమరావతిలోని మందడం, వెలగపూడి గ్రామాలే. ఆంధ్రప్రదేశ్ సచివాలయం నడుస్తున్న నేల ఒకప్పుడు రుద్రమదేవి ఆజ్ఞతో ప్రసూతిశాలను పోషించిందన్న సంగతి ఆ రాష్ట్రపు బడిపిల్లలందరికీ తెలియాల్సినది.

ఈ పంపకానికి పరీక్ష వెంటనే ఎదురైంది. 1263లో నెల్లూరు ప్రాంతపు ముత్తుకూరు వద్ద పాండ్యుల చేతిలో కాకతీయ సైన్యం ఓడిపోయింది, దక్షిణ ప్రాంతాలు చేజారాయి, దేవగిరి యాదవుల ఒత్తిడి పెరిగింది. 1269 ప్రాంతంలో గణపతిదేవుడు మరణించేనాటికి రుద్రమదేవి దాదాపు పదేళ్లుగా పాలనలో ఉన్నది. సామంతులకు ఆమె ఎలాంటిదో తెలుసు, ఆమెకు సామంతుల బలమూ బలహీనతా తెలుసు. రేచర్ల నాయకుడు ప్రసాదిత్యుడు కాకతీయ రాజ్యస్థాపనాచార్యుడన్న బిరుదు ధరించాడంటే, ఆమెను గద్దె మీద నిలపడంలో నాయకుల పాత్ర ఎంత పెద్దదో ఊహించవచ్చు. సైనిక సేవకు బదులుగా కొన్ని గ్రామాల ఆదాయాన్ని నాయకులకు అప్పగించే నాయంకర పద్ధతి ఆమె కాలంలో బలపడటం యాదృచ్ఛికం కాదు. తండ్రి కూతురితో పంచుకున్న అధికారాన్ని ఆ కూతురు నాయకులతో పంచుకోక తప్పలేదు. యాదవ మహాదేవుడి దాడిని తిప్పికొట్టాక ఆమె అధికారం బీదరు దాకా సాగిందని ఆ కోటలో దొరికిన కన్నడ శాసన శకలం చెబుతున్నది. ఓరుగల్లు నుంచి బీదరుకు వెళ్లే సైన్యం నేటి సంగారెడ్డి, మెదక్ ప్రాంతాల మీదుగానే సాగి ఉండాలి.

రుద్రమదేవి కూడా తండ్రి బాటనే పట్టింది. కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుడిని దత్తత తీసుకుని, తాను ఉండగానే పాలనలో భాగం ఇచ్చింది. సామంతుడైన కాయస్థ అంబదేవుడు తిరగబడిన కాలంలో, 1289 నవంబరు నాటి చందుపట్ల శాసనం రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారని చెబుతూ వారి పుణ్యం కోసం ఇచ్చిన భూదానాన్ని నమోదు చేసింది. నల్లగొండ జిల్లా నకిరేకల్ సమీపంలోని ఆ చిన్న ఊరి రాయి దొరకకపోతే ఆమె చివరి రోజుల గురించి చెప్పడానికి గట్టి ఆధారమే ఉండేది కాదు. గద్దె మాత్రం కలహం లేకుండా ప్రతాపరుద్రుడికి చేరింది. ఆ తర్వాత కొన్నేళ్లకు మోటుపల్లి రేవు గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, ఆ రాజ్యాన్ని న్యాయంగా ఏలిన రాణిని ఎంతగానో మెచ్చుకున్నాడు. అయితే భర్త పోయాక గద్దెనెక్కిన రాణిగా ఆమెను పొరబడ్డాడు. కూతురు గద్దెనెక్కడం కంటే భార్య గద్దెనెక్కడమే అతనికి నమ్మశక్యంగా తోచి ఉంటుంది.

అలా తోచడానికి ఐరోపా అనుభవమే కారణం కావచ్చు. గణపతిదేవుడికి ఎదురైన చిక్కే అంతకు వందేళ్లకు పైగా ముందు ఇంగ్లండు రాజు మొదటి హెన్రీకి ఎదురైంది. ధర్మపత్నికి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు 1120లో వైట్ షిప్ అనే ఓడ మునిగి చనిపోయాడు. మిగిలిన కూతురు మటిల్డాను తన తర్వాత పాలకురాలిగా అంగీకరిస్తామని హెన్రీ 1127లో ప్రభువులందరి చేత ప్రమాణం చేయించాడు. అయితే ప్రమాణంతోనే ఆగిపోయాడు. ఆమెకు ఇంగ్లండులో కోటలు ఇవ్వలేదు, పాలనలో చోటివ్వలేదు, భర్తతో ఆమె ఫ్రాన్సు ప్రాంతంలోనే ఉండిపోయింది. 1135లో రాజు మరణించగానే మేనల్లుడు స్టీఫెన్ సముద్రం దాటి వచ్చి కిరీటం పెట్టుకున్నాడు, ప్రమాణం చేసిన ప్రభువులలో చాలామంది అతని పక్షం చేరారు. 1141లో స్టీఫెన్ యుద్ధంలో పట్టుబడినప్పుడు మటిల్డా ఆంగ్లేయుల ఏలిక అన్న బిరుదు ధరించింది గానీ పట్టాభిషేకం దాకా చేరలేకపోయింది. దాదాపు ఇరవై ఏళ్లు దేశం అంతర్యుద్ధంలో నలిగింది. చివరికి 1153లో కుదిరిన ఒప్పందంతో ఆమె కొడుకు రెండో హెన్రీకి దారి ఏర్పడింది. ఇద్దరు తండ్రులూ బలవంతులే, ఇద్దరికీ కూతుళ్లే మిగిలారు. ఒకరు ప్రమాణాలు చేయించారు, మరొకరు శాసనాలు వేయించారు. రుద్రమకు దొరికిన ఆ పదేళ్లు మటిల్డాకూ దొరికి ఉంటే ఇంగ్లండు చరిత్ర మరోలా నడిచేదని అనుకోవడం అతిశయోక్తి కాదు.

పంపకం పేరుకే అయితే దాని ఫలితం ఇంకా చేదుగా ఉంటుందని రెండో హెన్రీ కాలం చూపింది. అతను 1170లోనే పెద్దకొడుక్కి పట్టం కట్టాడు గానీ సొంతంగా పాలించుకునేందుకు భూమి గానీ ఆదాయం గానీ ఇవ్వలేదు. కిరీటం ఉండి ఖజానా లేని ఆ యువరాజు 1173లో తండ్రి మీద తిరగబడ్డాడు, తల్లి ఎలినార్ కొడుకుల పక్షం వహించింది, ఆమెను భర్త ఏళ్ల తరబడి నిర్బంధంలో ఉంచాడు. అక్కాదేవికి కిరీటం లేదు, ఖజానా ఉంది. ఈ యువరాజుకు కిరీటం ఉంది, ఖజానా లేదు. నిలకడగా పాలించినది మొదటి వ్యక్తే.

తల్లి అధికారం చలాయించిన ఉదాహరణకు పటాన్‌చెరు నుంచి కొద్ది దూరంలోనే ఉన్న గోల్కొండను చూడాలి. అక్కడి సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగం. తండ్రి తర్వాత 1612లో ఆమె భర్త సుల్తాన్ మహమ్మద్, 1626లో పన్నెండేళ్ల కొడుకు అబ్దుల్లా గద్దెనెక్కారు. మూడు తరాల రాజ్యాధికారం ఆమె మీదుగానే సాగింది. కొడుకు చిన్నవాడు కాబట్టి పాలనా వ్యవహారాలను ఆమె నడిపింది. పాలకుడికి వయసు చాలనప్పుడో, దేశంలో లేనప్పుడో అతని బదులు మరొకరు నడిపే ఈ ఏర్పాటును ప్రతినిధి పాలన అంటారు. మా సాహెబా అని జనం గౌరవంగా పిలుచుకున్న ఈ తల్లి పేరు నాణేల మీద లేదు, శుక్రవారం ప్రార్థనలో పాలకుడి పేరు చదివే ఖుత్బాలోనూ లేదు. అయినా 1656లో మొగలు రాకుమారుడు ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు అతని శిబిరానికి స్వయంగా వెళ్లి సంధి మాట్లాడినది ఆమే. భారీ కప్పం, మనవరాలిని ఔరంగజేబు పెద్దకొడుక్కి ఇచ్చి పెళ్లి చేయడం ఆ సంధిలోని షరతులు. అప్పటికి సుల్తానుకు నలభై దాటాయి. ప్రతినిధి పాలన అవసరం ఎప్పుడో తీరిపోయింది. రాజ్యం ప్రాణాల మీదికి వచ్చిన వేళ తల్లే ముందు నిలబడిందంటే, ముద్ర లేని అధికారం కూడా ఎంత బలంగా ఉండగలదో తెలుస్తుంది. 1667లో మరణించిన ఆమె సమాధి కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలో ఉంది. హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలసినదే.

భార్యాభర్తలు గద్దెను పంచుకోవడం అన్నిటికంటే చిక్కైనది, ఎందుకంటే ఇంట్లో భర్త మాట చెల్లాలన్న ఆచారం, రాజ్యంలో రాణి మాట చెల్లాలన్న న్యాయం అక్కడ ఎదురుపడతాయి. చాళుక్యులు రాష్ట్రాలను వేరు చేసి ఈ చిక్కును తప్పించారు. రుద్రమదేవి భర్త వీరభద్రుడు పాలనలో పెద్దగా కనిపించనే కనిపించడు. ఇంగ్లండు దాన్ని చట్టంతో పరిష్కరించాలని చూసింది. 1553లో గద్దెనెక్కిన మొదటి మేరీ, స్పెయిను యువరాజు ఫిలిప్‌ను 1554లో పెళ్లాడేటప్పుడు పార్లమెంటు షరతులు రాసి పెట్టింది: ఫిలిప్‌కు రాజన్న బిరుదు ఉంటుంది, పదవుల నియామకం రాణిదే, విదేశీయులకు ఉద్యోగాలు ఉండవు, సంతానం లేకుండా రాణి మరణిస్తే అతనికి ఇంగ్లండు మీద ఏ హక్కూ మిగలదు. ఆనాటి షిల్లింగు నాణెం మీద ఇద్దరి ముఖాలు ఎదురెదురుగా ఉంటాయి, పైన కిరీటం ఒక్కటే. చట్టాల తేదీలనూ ఇద్దరి పాలనా సంవత్సరాలు కలిపి రాశారు. 1558లో మేరీ సంతానం లేకుండా మరణించగానే రాసుకున్నది రాసుకున్నట్టే జరిగింది. ఫిలిప్ రాజరికం అక్కడితో ముగిసింది, చెల్లెలు ఎలిజబెత్ గద్దెనెక్కింది. పెళ్లాడిన రాణికి ఎదురయ్యే ఈ చిక్కులన్నీ అక్క విషయంలో చూసిన ఎలిజబెత్ జీవితాంతం పెళ్లి చేసుకోలేదు.

అసలైన జంట పాలన 1689లో వచ్చింది, ఔరంగజేబు చేతిలో గోల్కొండ కూలిన రెండేళ్లకు. కాథలిక్కు మతాన్ని అనుసరించి పార్లమెంటుతో విరోధం తెచ్చుకున్న రెండో జేమ్స్ 1688 డిసెంబరులో ఫ్రాన్సుకు పారిపోయాడు. అతని పెద్దకూతురు మేరీ ప్రొటెస్టెంటు. ఆమె భర్త విలియం హాలండు పాలకుడు, జేమ్స్‌కు స్వయానా మేనల్లుడు. వరస ప్రకారం హక్కు మేరీది, సైన్యం విలియంది. భార్య రాజ్యంలో ఆమె కింద కొలువుండటానికి తాను ఒప్పుకోనని విలియం స్పష్టం చేశాడు. భర్తను పక్కనపెట్టి ఒంటరిగా ఏలడానికి మేరీ ఇష్టపడలేదు. చివరికి 1689 ఫిబ్రవరి 13న పార్లమెంటు సభలు ఇద్దరికీ కలిపి కిరీటం సమర్పించాయి. రాజూ రాణీ ఇద్దరూ సమాన పాలకులు, ఆజ్ఞలు ఇద్దరి పేరుతోనే, అధికారం చలాయించడం మాత్రం విలియం ఒక్కడిదే అన్నది ఒప్పందం. ఏప్రిల్ 11న వెస్ట్‌మినిస్టర్ ఆలయంలో పట్టాభిషేకం జరిగినప్పుడు శతాబ్దాలుగా ఒక్కటే ఉన్న సింహాసనం చాలక మేరీ కోసం అలాంటిదే మరొకటి చేయించవలసి వచ్చింది. నాణేల మీద ఇద్దరి ముఖాలు ఒకదాని వెనుక ఒకటి ఒకే వైపు చూస్తూ ఉంటాయి; ముందున్నది విలియంది.

కాగితం మీద ఇంత తేల్చి రాసుకున్నా, ఏడాది తిరిగేసరికి ఒప్పందం సరిపోలేదు. 1690లో జేమ్స్‌ను ఎదుర్కోవడానికి విలియం ఐర్లండుకు వెళ్లవలసి వచ్చింది, చట్టం ప్రకారం అధికారం అతనితోపాటే సముద్రం దాటిపోతుంది. అందుకే అతను దేశంలో లేనప్పుడు మేరీ పాలించవచ్చని పార్లమెంటు మరో చట్టం చేసింది, సలహాకు తొమ్మిదిమంది మంత్రుల మండలిని ఏర్పాటు చేశారు. ఆ వేసవిలోనే బీచీ హెడ్ వద్ద ఫ్రెంచి నౌకాదళం చేతిలో ఇంగ్లండు, హాలండు నౌకలు ఓడిపోయాయి. దాడి ఏ క్షణమైనా జరగవచ్చన్న భయం దేశమంతా కమ్ముకున్న ఆ రోజుల్లో ముప్పై ఏళ్లైనా నిండని రాణి తీర రక్షణకు ఆజ్ఞలిచ్చింది, ఓడిన నౌకాధిపతిని బంధించి విచారణకు పంపింది. భర్త తిరిగి రాగానే పగ్గాలు అతనికి అప్పగించి పక్కకు జరిగింది. అతను యుద్ధాలకు వెళ్లిన ప్రతిసారీ మళ్లీ అందుకున్నది. ఆమె వినయాన్ని చూసి అసమర్థురాలిగా అంచనా వేసిన రచయితలు ఆ వేసవిని సరిగా చదవలేదనే చెప్పాలి. 1694 డిసెంబరులో మశూచితో ఆమె మరణించాక నాణేల మీద విలియం ముఖం ఒక్కటే మిగిలింది.

ఈ ఏర్పాటులో మూడో భాగస్వామి ఒకరున్నారు. పట్టాభిషేకంలో రాజూ రాణీ తొలిసారిగా పార్లమెంటు అంగీకరించిన చట్టాల ప్రకారమే పాలిస్తామని ప్రమాణం చేశారు. అదే ఏడాది వచ్చిన హక్కుల చట్టం పార్లమెంటు ఒప్పుకోలు లేకుండా పన్ను వేయరాదని, శాంతికాలంలో సైన్యం ఉంచరాదని కట్టడి చేసింది. అందుకే విక్టోరియా రాణి 1840లో ఆల్బర్ట్‌ను పెళ్లాడేనాటికి పంచుకోవడానికి మిగిలినది చాలా తక్కువ. ఆయన ఆమె పత్రాలన్నీ చదివేవాడు, ఆమె మంత్రులతో జరిపే సమావేశాలలో కూర్చునేవాడు, అయినా 1857లో దక్కినది ప్రిన్స్ కన్సార్ట్, అంటే రాణి భర్త అన్న గౌరవ పదవి మాత్రమే. కూతురి కంటే చిన్నవాడైనా కొడుకుకే ముందు హక్కు అన్న నియమాన్ని ఇంగ్లండు 2013లో చేసిన చట్టంతో గానీ వదులుకోలేదు.

సంగారెడ్డి ప్రాంతానికి దగ్గరి కాలపు ఉదాహరణ రాణి శంకరమ్మది. పద్దెనిమిదో శతాబ్దంలో మెదక్, అందోలు ప్రాంతాలు పాపన్నపేట సంస్థానం కింద ఉండేవి. సంస్థానమంటే నిజాంకు ఏటా పేష్కష్, అంటే కప్పం చెల్లిస్తూ, లోపలి పన్నులు, తగవులు, సొంత సైన్యం తామే చూసుకునే చిన్న రాజ్యం. భర్త మరణించాక ఆ సంస్థానాన్ని శంకరమ్మ ఏలిందనీ, మరాఠాల మీద యుద్ధంలో ఆమె చూపిన పరాక్రమానికి మెచ్చి నిజాం అలీ ఖాన్ (1762–1803) ఆడపులి అన్న అర్థంలో రాయబాగన్ అనే బిరుదు ఇచ్చాడనీ ఈ ప్రాంతపు జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. సంగారెడ్డి, సదాశివపేట, శంకరంపేట అన్న పేర్లన్నీ ఆమె కుటుంబంతో ముడిపడినవేనని, సదాశివరెడ్డి ఆమె దత్తపుత్రుడని స్థానిక సంప్రదాయం.

ఇక్కడ పంపకం భార్యాభర్తల మధ్యది కాదు, సంస్థానానికీ హైదరాబాదుకూ మధ్యది. గద్దె మీద వితంతువు కూర్చున్నా, దత్తపుత్రుడు కూర్చున్నా పైనున్న ప్రభువు ఒప్పుకోలు కావాలి. ఆ ఒప్పుకోలు కప్పంతోనూ, యుద్ధంలో చేసిన సహాయంతోనూ సంపాదించుకోవాలి. నిజాంకు కావలసినది సరిహద్దును కాచే సైన్యం, సకాలంలో చేరే సొమ్ము. వాటిని అందించినంతకాలం అధికారంలో ఉన్నది స్త్రీయా పురుషుడా అన్న పట్టింపు అంతగా లేకపోయింది. నిజాం పాలన చివరి దశాబ్దాలలో గద్వాల సంస్థానాన్ని మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ ఏలడమూ ఈ వరసలోనిదే. రుద్రమదేవికి మల్కాపురం రాయి, చందుపట్ల రాయి ఉన్నాయి, అక్కాదేవికి సూడి రాయి ఉంది. శంకరమ్మ చరిత్ర మాత్రం ఎక్కువగా జనం నోటనే నిలిచింది. సంస్థానాలు నిజాంతో నడిపిన లావాదేవీలు పారసీ దస్తావేజులలోకి ఎక్కేవి, ఆనాటి దఫ్తర్లు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్ర భాండాగారంలో ఉన్నాయి. పారసీ చదవగల పరిశోధకులెవరైనా పాపన్నపేట పేష్కష్ లెక్కలను, అధికార పత్రాలైన సనదులను అక్కడ వెతికితే, శంకరమ్మ ఏ పేరుతో ముద్ర వేసేదో, దత్తపుత్రుడి పేరు ఆమె పేరు పక్కన ఏ ఏడాది నుంచి చేరిందో తెలుసుకునే అవకాశం ఇంకా ఉన్నది.